బుట్టల నిండా ఈగలు, చెట్ల కింద కుళ్ళు: కాశీనగర్ తోటలో పండు ఈగ కేసు

ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగర్ బ్లాకులో, వంశధారకు దగ్గరలో ఉన్న నాలుగెకరాల తోట ఇది. ముందువైపు సువర్ణరేఖ, బంగినపల్లి మామిడి. వెనక జామ. బావి దగ్గర పందిరి మీద కాకర, బీర. రైతు కుటుంబం తెలుగువారు, తోట లెక్కలన్నీ చూసేది ఆ ఇంటి పెద్దావిడ. పనికి వచ్చేవారు ఎక్కువగా చుట్టుపక్కల కొండ పల్లెల సవరలు. మందులు పర్లాకిమిడిలోనో పాతపట్నంలోనో కొంటారు. కరపత్రాలు ఒడియాలో వస్తాయి, సలహా మాత్రం తెలుగులో కావాలి. ఈ సరిహద్దు పల్లెల్లో సస్యరక్షణ సలహా ఇవ్వడం నా వృత్తి.

ఫలసాయం కొన్న వ్యాపారి సువర్ణరేఖ కోత సగంలో ఉండగానే చేతులెత్తేశాడు. కాయ చెట్టు మీద బాగానే ఉంటోంది, మాగవేసేసరికి కుళ్ళిపోతోంది, బంగినపల్లి నాకు వద్దు, బయానా తిరిగి ఇవ్వండి అన్నాడు. నన్ను పిలిచింది అప్పుడే. పెద్దావిడ నన్ను నేరుగా చెట్ల దగ్గరికి తీసుకువెళ్ళి, వేలాడుతున్న ప్లాస్టిక్ బుట్ట ఒకటి విప్పి చేతిలో పోసి చూపించింది.

"చూడండి బాబూ, గుప్పెళ్ళకొద్దీ ఈగలు చచ్చాయి. ఇన్ని చచ్చాక కూడా కాయకు పోటు ఎలా పడుతోంది?"

ఇంతకంటే సూటి ప్రశ్న ఏ శిక్షణ తరగతిలోనూ నేను వినలేదు.

అప్పటికే చేసిన వైద్యం

కాయ కుళ్ళును మందుల దుకాణంలో మచ్చ తెగులు అన్నారు. దానికి శిలీంధ్రనాశిని రెండు దఫాలు పడింది. తరువాత ఈగ అని తేలి, మిథైల్ యూజినాల్ అనే వాసన ఎర పెట్టిన బుట్టలు కట్టారు, చెట్టంతా తడిసేలా పురుగుమందు కొట్టారు. అది పనిచేయలేదని ఇంకొంచెం ఘాటైనది తెచ్చి కొట్టారు. కొడుకు ప్రకృతి వ్యవసాయం శిక్షణకు వెళ్ళివచ్చి, పేడ, గోమూత్రం, బెల్లం, శనగపిండి కలిపిన జీవామృతాన్ని వడగట్టి కాయలున్న కొమ్మల మీదే పిచికారీ చేశాడు. రాలిన కాయలను ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. శ్రద్ధగా ఏరి, తోట మూలన ఉన్న పెంటకుప్ప మీద వేశారు. ఆ కుప్ప పక్కనే బ్రాయిలర్ షెడ్డు నుంచి తెచ్చిన కోళ్ళ ఎరువు రాశి పోసి ఉంది.

ఒక్కొక్కటిగా చూస్తే వీటిలో చాలావరకు మంచి ఉద్దేశంతో చేసినవే. కలిపి చూస్తే ఆడ ఈగకు ఇంతకంటే సదుపాయమైన తోట దొరకదు.

కాయ కోసి చూస్తే

పండు ఈగ కేసులో మొదటి పని కత్తితో. మచ్చ ఉన్న కాయలు ఏరించి, పోటు (గుడ్డు పెట్టడానికి ఈగ పొడిచిన గుర్తు) పడిన చోట తొక్క పలుచగా చెక్కి చూశాం. కాయలు మూడు రకాలుగా కనిపించాయి. కొన్నింటిలో తెల్లని పిల్ల పురుగులు మెదులుతున్నాయి, వీటి గురించి ఎవరికీ అనుమానం లేదు. కొన్నింటిలో పోటు గుర్తు ఉంది, దాని చుట్టూ సొన గడ్డకట్టి ఉంది, లోపల కండ గట్టిగా ఉంది. మూడో రకమే తగాదా తెచ్చింది. పోటు ఉంది, దాని కింద కండ నీరుకారి గోధుమరంగులోకి తిరిగింది, పుల్లని వాసన వస్తోంది, ఎంత వెదికినా పురుగు లేదు. వ్యాపారి చూసింది ఈ కాయలనే. పురుగు లేదు కనుక తెగులు అన్నాడు. దుకాణంవారూ అదే అన్నారు.

మచ్చ తెగులు మచ్చ పొడిగా, నల్లగా, లోతు తక్కువగా మొదలై తొక్క మీద పరుచుకుంటుంది. ఈ కాయల్లో కుళ్ళు సూది గుచ్చినంత రంధ్రం నుంచి లోపలికి దిగింది. తొక్క పైన చిన్న చుక్క మాత్రమే. పురుగు లేకపోవడానికి మామిడికున్న సొంత రక్షణే కారణం. తొక్కలోని నాళాల్లో ఉండే సొన పచ్చి కాయలో గుడ్లను, అప్పుడే పొదిగిన పిల్లలను చాలాసార్లు చంపేస్తుంది. గుడ్డు చచ్చింది. కానీ గుడ్డుతో పాటు లోపలికి వెళ్ళినవి చావలేదు.

అవే బ్యాక్టీరియా. పండు ఈగ తల్లి తన పేగులోని బ్యాక్టీరియాను గుడ్డు పైన పూసి మరీ కాయలో దించుతుంది. పాలలో తోడు వేసినట్టే ఇది: తోడు పడ్డాక పాలు పాలుగా ఉండవు, కాయ కాయగా ఉండదు. ఎంటెరోబ్యాక్టర్, క్లెబ్సియెల్లా, సిట్రోబ్యాక్టర్, ప్రావిడెన్షియా వంటివి ఈ జాతి ఈగల పేగుల్లో మామూలుగా కనిపించే సంతతి. వీటిలో కొన్ని పండు కండను పట్టి ఉంచే పెక్టిన్‌ను కరిగిస్తాయి. కండ మెత్తబడుతుంది, బ్యాక్టీరియా పెరుగుతుంది, పిల్ల పురుగు ఆ మెత్తని కండతో పాటు బ్యాక్టీరియానూ తింటుంది. పండు రసంలో చక్కెర పుష్కలం, నత్రజని అతి తక్కువ. ఆ లోటు తీర్చడంలో ఈ సహవాసులది పెద్ద పాత్ర. మధ్యధరా పండు ఈగ పేగులోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని సైతం పట్టి ఇవ్వగలదని 2005లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు చూపించారు. అంటే కాయ కుళ్ళడం పురుగు తినడం వల్ల చివర్లో జరిగే నష్టం కాదు. పురుగు బతకడానికి ముందుగా చేసుకునే ఏర్పాటు.

ఈ సంగతి కొత్తదేమీ కాదు. ఆలివ్ కాయల ఈగ తలలో అన్నవాహికకు ఆనుకుని ఉండే చిన్న తిత్తిలో బ్యాక్టీరియా కాపురం ఉంటుందని ఇటలీలో పెట్రి అనే శాస్త్రవేత్త 1909లోనే రాశాడు. దానికి ఎర్వీనియా డాసికోలా అని పేరు పెట్టింది 2005లో. ఆ బ్యాక్టీరియా లేకపోతే ఆలివ్ ఈగ పిల్ల పచ్చి ఆలివ్ కాయలో పెరగలేదు, కాయలోని చేదు రసాయనం దాన్ని బతకనివ్వదు. మన మామిడి ఈగకు ఒకే ఒక్క బ్యాక్టీరియాతో అంత గట్టి ముడి లేదు. దీని పేగులో గుంపు ఉంటుంది, తిండిని బట్టి, చోటును బట్టి ఆ గుంపు మారుతుంది. ఈ తేడా రైతుకు అనవసరం అనిపించవచ్చు గాని, తరువాత దుకాణంలో జరిగిన వాదనలో ఇదే అక్కరకు వచ్చింది.

ఏ ఈగ?

మచ్చలున్న కాయలను ఇసుక పోసిన బకెట్లో పెట్టి, పలుచని గుడ్డ కట్టి, నీడలో ఉంచమన్నాను. ముదిరిన పిల్ల పురుగు కాయ నుంచి ఎగిరిపడి ఇసుకలో దూరి కోశంగా మారుతుంది. పది రోజులు అటూ ఇటూగా ఈగ బయటికి వస్తుంది. బుట్టలోని మగ ఈగలను చూసి కాయ పాడుచేసిన ఈగ ఇదే అనడం తొందరపాటు. కాయలోంచి వచ్చిన ఈగే సాక్ష్యం.

మామిడి నుంచి వచ్చినవి ఎక్కువగా బ్యాక్ట్రోసెరా డోర్సాలిస్: నల్లటి వీపు, పొట్ట మీద టీ ఆకారపు నల్లగీత, రెక్క అంచున సన్నని చార. కొన్ని ఎర్రమట్టి రంగువి, రెక్క కొసన చుక్క ఉన్నవి, బ్యాక్ట్రోసెరా జొనాటా. కాకర నుంచి వచ్చింది వేరే ఈగ. జ్యూగోడాకస్ కుకుర్బిటే, వీపు మధ్యలో పసుపు గీత, రెక్క మీద పొగచూరినట్టు మచ్చలు. ఈ మూడో ఈగ మగవాటికి మిథైల్ యూజినాల్ పట్టదు, క్యూ లూర్ అనే మరో ఎర కావాలి. పందిరికి కట్టిన బుట్టలు కాకరకు ఏ మేలూ చేయలేదు. రెండు ఎరలూ ఒకేలాంటి చెక్క ముక్కల మీద వస్తాయి, కొనేటప్పుడు పేరు చదవకపోతే తేడా తెలియదు.

మనకు పుట్టినప్పటి నుంచి తెలిసిన ఈ మామిడి ఈగే బయటి దేశాల్లో ఆక్రమణదారు. 2003లో కెన్యాలో కనిపించి కొద్ది ఏళ్ళలో ఆఫ్రికా ఖండంలో చాలా భాగం చుట్టేసింది. 2005లో దాన్ని కొత్త జాతి అనుకుని బ్యాక్ట్రోసెరా ఇన్వేడెన్స్ అని పేరు పెట్టారు, పదేళ్ళ తరువాత, 2015లో, ఇది డోర్సాలిసే అని తేల్చారు. దొరికిన పండునల్లా తిండిగా మార్చుకోగల ఇలాంటి ఈగకు పేగులోని బ్యాక్టీరియా మూట చిన్న ఆస్తి కాదు. మన వైపు నుంచి చూసినా ఈగ ఖరీదు తక్కువేమీ కాదు. 2014 మే 1 నుంచి యూరోపియన్ యూనియన్ మన మామిడిని ఆపింది, దానితో పాటు కాకర, వంకాయ, పొట్ల, చేమ కూడా. మామిడి మీద ఆంక్ష మరుసటి ఏడాది ఎత్తేశారు. కాశీనగర్ కాయ లండన్ వెళ్ళదు, నిజమే. పక్క రాష్ట్రం మండీలో కూడా కుళ్ళిన కాయకు ధర ఉండదు.

బుట్ట చేసే పని, చేయని పని

పెద్దావిడ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ ఉంది. బుట్టలో పడ్డవన్నీ మగవి. కాయను పొడిచేది ఆడది.

మిథైల్ యూజినాల్ కథ మన దేశంలోనే మొదలైంది. బిహార్‌లోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో పనిచేసిన హౌలెట్, పొరుగాయన దోమల కోసం పూసుకున్న సిట్రొనెల్లా నూనెకు పండు ఈగలు మూగడం గురించి 1912లో రాశాడు. మూగినవన్నీ మగవే. ఆ నూనెలో ఆకర్షించే పదార్థం మిథైల్ యూజినాల్ అని 1915లో ప్రకటించాడు. ఆ ఎరతోనే 1960ల్లో పసిఫిక్‌లోని రోటా దీవిలో ఈ ఈగను పూర్తిగా నిర్మూలించారు. కానీ అది సముద్రం మధ్య దీవి. కాశీనగర్ తోటకు నాలుగు వైపులా తోటలు, కొండ మామిళ్ళు. ఒక మగ ఈగ చాలా ఆడ ఈగలతో జతకడుతుంది కనుక, మగవాటిలో సగం చచ్చినా గుడ్లలో సగం తగ్గదు. పైగా పక్క తోటలో జతకట్టి వచ్చిన ఆడ ఈగకు మన బుట్టతో పనే లేదు.

అయినా బుట్టలు తీయమనలేదు. ఎకరాకు పది చొప్పున ఊరంతా కలిసి కడితే ఫలితం ఉంటుంది, ఒక్క తోటలో కడితే ఈగ ఎప్పుడు పెరుగుతోందో చెప్పే హెచ్చరిక గంటగా పనికొస్తుంది. చెక్క ముక్కలను సొంతంగా నానబెట్టుకునేవారికి ఆల్కహాల్ 6 పాళ్ళు, మిథైల్ యూజినాల్ 4, మలాథియాన్ అనే పురుగుమందు 1 అన్నది పాత కొలత. ఒకప్పుడు ఇందులో డైక్లోర్వాస్ కలిపేవారు. 2020 డిసెంబర్ 31 నుంచి అది దేశంలో నిషేధం. అయినా పాత సీసాలు ఇంకా అటకల మీద కనిపిస్తాయి, కనిపిస్తే ఊరుకోను.

ఆడ ఈగ భోజనం

కోశం నుంచి బయటికి వచ్చిన ఆడ ఈగ వెంటనే గుడ్లు పెట్టలేదు. గుడ్లు తయారవడానికి దానికి ఒకటి రెండు వారాలు మంచి తిండి కావాలి, చక్కెరతో పాటు మాంసకృత్తులు. ఆకుల మీద, కాయల మీద పెరిగే బ్యాక్టీరియా ఆ తిండిలో భాగమని ఆస్ట్రేలియాలో డ్రూ బృందం 1983లో రాసింది. పక్షి రెట్ట ఇంకొకటి. రెట్టలోని నత్రజని ఈగ నేరుగా వాడుకోలేని రూపంలో ఉంటుంది. ఆలివ్ ఈగ మీద చేసిన ప్రయోగాల్లో, పేగులో బ్యాక్టీరియా ఉన్న ఆడ ఈగలు ఆ నత్రజనితో గుడ్లు పెట్టాయి, యాంటీబయాటిక్ తినిపించి బ్యాక్టీరియా తీసేసిన ఈగలు పెట్టలేకపోయాయి.

ఇప్పుడు తోట మూలకు వెళ్దాం. పెంటకుప్ప మీద కుళ్ళిన మామిడి, పక్కన కోళ్ళ ఎరువు, రెండింటి మీదా ఆడ ఈగలు. తోక చివర సూదిలాంటి గుడ్డుపెట్టే అవయవంతో వాటిని గుర్తుపట్టడం సులువు. కుప్ప కింద మట్టిని వేలితో గీస్తే గోధుమ గింజల్లాంటి కోశాలు బయటపడ్డాయి, నాలుగు వేళ్ళ లోతులోపే. పెద్దావిడకు అంతవరకు కోశం అంటే ఏమిటో చూపించినవారు లేరు. ఆమె మరో మాట అడగలేదు. కూలివాళ్ళను పిలిచి గునపం తెప్పించింది.

జీవామృతం విషయంలో కొడుకుతో కాస్త వాదన జరిగింది. నేలకు పోయడానికి నాకు అభ్యంతరం లేదు. శనగపిండి, బెల్లం, పేడ పులిసిన నీళ్ళను కాయ మీద చల్లడం మీదే నా అభ్యంతరం. మాంసకృత్తులు, చక్కెర, బ్యాక్టీరియా, అమ్మోనియా వాసన నాలుగూ అందులో ఉన్నాయి. ఈగల కోసం ప్రపంచమంతా తయారుచేసే ప్రోటీన్ ఎరలో ఉండేవీ దాదాపు ఇవే. కాయ ముదిరే కాలంలో నేలకు మాత్రమే అని ఒప్పందానికి వచ్చాం.

ఇంకో చోటు తోటలో లేదు. గోడ అవతల బడి ఆవరణలో బాదం చెట్టు, వెడల్పాటి ఆకులతో గొడుగులా పరుచుకునేది. దాని పండు ఈ ఈగకు ఎంతో ఇష్టం. బడి సెలవుల్లో ఆ కాయలు రాలి ఎవరూ తీయకుండా పడి ఉంటాయి. ఏ తోట కేసుకు వెళ్ళినా చుట్టుపక్కల బాదం చెట్టు ఎక్కడుందని అడగడం నా అలవాటు.

దుకాణంలో వాదన

ఈగ వెంట బ్యాక్టీరియా ఉందని విన్న దుకాణదారు వెంటనే పరిష్కారం చెప్పాడు. "బ్యాక్టీరియా అయితే స్ట్రెప్టోమైసిన్ కొట్టిస్తే సరిపోతుంది కదండీ. కాకపోతే రాగి మందు ఉంది." అతను అమ్మకం కోసమే అన్నాడని అనలేను. వినడానికి తర్కం సరిగానే ఉంది. పైగా ఇటలీ ఆలివ్ తోటల్లో రాగి మందులు ఈగ మీద వాడిన మాట నిజమే. అక్కడ ఒకే బ్యాక్టీరియా మీద ఆధారపడిన ఈగ ఉంది. ఇక్కడ గుంపు ఉంది, ఒకటి తగ్గితే ఇంకొకటి ఆ చోటులోకి వస్తుంది. కాయ పైన కొట్టిన మందు ఈగ పేగులోకి గాని, తొక్క కింద గుడ్డు దగ్గరికి గాని చేరదు. ఆకు మీద, నేల మీద ఉన్న మేలు చేసే వాటిని చంపి, మనుషుల వైద్యానికి కావలసిన మందుకు లొంగని బ్యాక్టీరియాను తోటలో పెంచుతుంది. క్లెబ్సియెల్లా ఆసుపత్రుల్లో కూడా కనిపించే పేరేనని గుర్తుచేశాను. ఈ ఒక్క విషయంలో నేను బేరానికి రాలేదు.

పురుగుమందు పనిచేయకపోవడానికి కూడా కొడుకు బ్యాక్టీరియానే కారణం అన్నాడు. చైనాలో 2017లో ఇదే మామిడి ఈగ పేగు నుంచి తీసిన సిట్రోబ్యాక్టర్ ట్రైక్లోర్ఫాన్ అనే పురుగుమందును విడగొట్టగలదని, దాన్ని మోసే ఈగలు మందును ఎక్కువ తట్టుకున్నాయని వచ్చింది. అతను ఎక్కడో చదివాడు. ఆ పరిశోధన గట్టిదే. మన దగ్గర ట్రైక్లోర్ఫాన్ కూడా డైక్లోర్వాస్‌తో పాటే నిషేధంలోకి వెళ్ళింది. కానీ ఈ తోటలో మందు విఫలమవడానికి అంత దూరం వెళ్ళనక్కరలేదు. కొట్టేనాటికి పురుగు కాయ లోపల ఉంది, కోశం మట్టిలో ఉంది, ఆడ ఈగ కుప్ప మీద ఉంది. మందు పడింది ఆకుల మీద. తట్టుకునే శక్తి గురించి మాట్లాడాలంటే ముందు మందు ఈగకు తగలాలి కదా.

అప్పుడు చేసిన పని

పెంటకుప్ప పైన ఉన్న కాయలను, కింద మట్టితో సహా ఎత్తి, మందపాటి నల్ల పాలిథిన్ సంచుల్లో కట్టి ఎండలో పెట్టాం. మే ఎండకు సంచి లోపల ఏ పురుగూ మిగలదు. గొయ్యి తీసి పూడ్చడం కంటే నాకు ఇదే నమ్మకం, ఎందుకంటే గొయ్యి లోతుగా తీయమంటే ఎవరూ తీయరు, పైపైన కప్పిన మట్టిలోంచి ఈగ తేలిగ్గా వస్తుంది. కోళ్ళ ఎరువును తోట బయటికి తరలించి పట్టా కప్పించాం. రాలుకాయలు ఏరడం రోజూ పొద్దున్నే, కుళ్ళిందా లేదా అని చూడకుండా అన్నీ ఏరాలి. పనికి వచ్చే సవర ఆడవాళ్ళు రాలిన పచ్చికాయలను ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టే ఆంబులకు తీసుకువెళ్తారు. ఏరుడు పనికి వాళ్ళకు అదే గిట్టుబాటు అయింది. మచ్చ ఉన్న కాయను కోసి చూసి, పురుగు ఉంటే సంచిలో వేయడం ఒక్కటే షరతు. పది కాయలు కోశాక వాళ్ళలో ఒకామె పోటు గుర్తును నాకంటే వేగంగా పట్టింది.

చెట్టంతా తడిపే పిచికారీ ఆపాం. దాని బదులు ప్రోటీన్ ఎరలో కొద్దిగా మలాథియాన్ కలిపి, సీసా మీది మోతాదు ప్రకారం, కాయ మీద పడకుండా ఆకుల అడుగున, మొదలు మీద అక్కడక్కడ చిలకరించాం. ఆడ ఈగ తిండికి వెతుకుతూ తనంతట తానే అక్కడికి రావాలి. వారానికి ఒకసారి, వాన పడితే మళ్ళీ. ప్రోటీన్ ఎర ఈ వైపు సులభంగా దొరకదు. టోంగా, మారిషస్ వంటి చోట్ల బీరు తయారీలో మిగిలిన ఈస్టు నుంచి దీన్ని చేస్తారని తెలుసు గాని, మనకు ఆ దారి దగ్గరలో లేదు. వట్టి బెల్లం ఎర దుకాణాల్లో చెప్పే చిట్కా. దానికీ ఈగలు వస్తాయి, కానీ గుడ్ల కోసం మాంసకృత్తులు వెతుకుతున్న ఆడ ఈగను పిలవడానికి తీపి ఒక్కటే చాలదు. అందుకే కొడుకు చేతిలోని విద్యనే వాడుకున్నాం. శనగపిండి, బెల్లం నీళ్ళు పులియబెట్టి, పక్కకు రంధ్రాలు పెట్టిన సీసాల్లో పోసి వేలాడదీశాం. దుర్వాసన భరించలేనంత. ఇంటి ఈగలు, తేనెటీగలు కూడా పడ్డాయి, ఇది నాకు నచ్చలేదు. కానీ పండు ఈగల్లో ఆడవి స్పష్టంగా కనిపించాయి, పెద్దావిడ అడిగిన ప్రశ్నకు మిగతా సగం జవాబు ఆ సీసాలో ఉంది. తేనెటీగల కారణంగా పూత సమయంలో ఆ సీసాలు కట్టవద్దని చెప్పాను.

కాకర పిందెలకు పాత వార్తాపత్రికల సంచులు తొడిగించాం. ఇందులో శాస్త్రం ఏమీ లేదు, ఓపికే ఉంది. పందిరి బుట్టల్లో ఎర మార్చి క్యూ లూర్ పెట్టాం. బడి పెద్దలతో మాట్లాడి బాదం కాయలు ఊడ్పించే పని పెద్దావిడే చూసుకుంది, ఆ ఊళ్ళో ఆమె మాట నాకంటే బాగా చెల్లుతుంది.

బంగినపల్లిని వారం ముందుగా, ముదురు పచ్చిగా ఉన్నప్పుడే కోయించాం. కాయ మెత్తబడే కొద్దీ సొన తగ్గుతుంది, గుడ్డుకు అపాయం తగ్గుతుంది. పండేదాకా చెట్టు మీద ఉంచితే ధర బాగుంటుందన్న ఆశ ఈ ఈగ ఉన్న చోట చెల్లదు. మాగవేసే ముందు పోటు ఉన్న కాయలను వేరుచేసి, వాటిని పచ్చడికి, తాండ్రకు పంపాం.

ఫలితం

ఆ సీజన్‌లో సువర్ణరేఖ దక్కలేదు. ఇలాంటి దశలో మొదలుపెడితే దక్కదు కూడా. బంగినపల్లిలో మాగేటప్పుడు కుళ్ళు కనబడేంతగా తగ్గింది, వ్యాపారి ధర తగ్గించి అయినా తిరిగి తీసుకున్నాడు. కాకరలో సంచి తొడిగిన కాయలు శుభ్రంగా వచ్చాయి, తొడగని పైపందిరి కాయలు పాడయ్యాయి. జామ మాత్రం దారుణంగా పోయింది. వానలు మొదలయ్యాక ఎర కడిగివేతకు గురవుతుంది, నేల మెత్తబడి కోశాలకు హాయిగా ఉంటుంది, మామిడిలో పెరిగిన ఈగలన్నీ జామ మీద పడతాయి. బుట్టల్లో మగ ఈగల సంఖ్య మామిడి తరువాత తగ్గినట్టు కనిపించి, జూలైలో మళ్ళీ లేచింది. ఏ జాగ్రత్త వల్ల ఎంత మేలు అని విడదీసి చెప్పడానికి ఇది ప్రయోగం కాదు, అన్నీ ఒకేసారి చేశాం. నన్ను అడిగితే కుప్ప తీసివేతకే ఎక్కువ మార్కులు వేస్తాను.

బ్యాక్టీరియా విద్యను రైతుకు నేరుగా అమ్మాలని చూసేవారు రాబోతున్నారు, అందుకే ఒక మాట. ప్రపంచంలో ఈ విద్యకు నిజమైన వాడకం వంధ్య మగ ఈగల పెంపకంలో ఉంది, అంటే జతకట్టినా పిల్లలు పుట్టని మగ ఈగలను పెంచి వదిలి, ఈగల సంతతిని తగ్గించే పనిలో. గామా కిరణాలతో వంధ్యం చేసిన మధ్యధరా ఈగల పేగులో క్లెబ్సియెల్లా తగ్గిపోయి, జతకట్టే సత్తా పడిపోతుంది. ఆ బ్యాక్టీరియాను తిండిలో కలిపి పెడితే కొంత తిరిగి వస్తుంది. ఒకినావాలో కాకర ఈగను వంధ్య ఈగలతో 1993 నాటికి నిర్మూలించారు, అది ప్రభుత్వం ఏళ్ళ తరబడి చేసిన పని. సీసాలో తెచ్చి ఎకరాకు లీటరు కొట్టే సరుకుగా ఇది రాదు. ఇంకొక పరిశోధన నాకు మరింత ఆసక్తిగా అనిపిస్తుంది. మామిడి ఈగ గుడ్డు పైని ప్రావిడెన్షియా, క్లెబ్సియెల్లా వల్ల కాయ బీటా కారియోఫిలీన్ అనే వాసన ఎక్కువగా విడుస్తుందని, ఆ వాసన ఉన్న కాయను తరువాత వచ్చే ఆడ ఈగలు వదిలేస్తాయని 2020లో చైనా నుంచి వచ్చింది. అంటే ఈగే 'ఇక్కడ చోటు లేదు' అని రాసిపెట్టి పోతోంది. ఆ రాతను మనం కాయ మీద రాయగలిగిన రోజున ఎర, విషం రెండూ తగ్గుతాయి. అది ఇంకా పరిశోధనశాల మాటే, కాశీనగర్‌కు అమ్మవలసిన మాట కాదు.

వచ్చే ఏడాదికి మిగిలింది జామ. ఏప్రిల్, మే నెలల్లో కొమ్మలు కత్తిరించి వానకాలపు పూతను తీసేస్తే చెట్టు చలికాలపు కాపుకు మళ్ళుతుంది. ఆ కాలంలో ఈగ తక్కువ, కాయ తీపి ఎక్కువ. మామిడి నుంచి జామకు ఈగ దాటే వంతెన కూడా తెగిపోతుంది. పెద్దావిడ అంతా విని తల అడ్డంగా ఊపింది. వానకాలం జామ డబ్బుతోనే మనవల బడి ఫీజులు కడతారట. చివరకు గోడ వైపున్న వరుసలు, అంటే బాదం చెట్టుకు దగ్గరగా ఉన్నవి, కత్తిరించడానికి ఒప్పుకుంది. మిగతా సగం ఎప్పటిలాగే వానకు కాస్తుంది, వాటి కింద రాలుకాయల సంచి పొద్దున్నే నిండాలి.